టూరిజం లాభంలో మా లెక్క తేల్చండి!

నాతవరం మండలం అన్నలారా, అప్పలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

చలి ముదిరిందంటే శుక్రవారం రాత్రి నుంచే మన తుని–నర్సీపట్నం రోడ్డు మీద బండి వెనక బండి! రాజమండ్రివి, కాకినాడవి, ఇంకా ఎక్కడెక్కడివో. అందరూ లంబసింగి మంచు చూడ్డానికే. డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతారు. టెంట్లలో పడుకుంటారు. తెల్లవారుజామున చెరువులవేనం కొండ మీద ఫొటోలు దిగుతారు. తిరుగుదారిలో కొందరు మన తాండవ గట్టు మీద ఆగుతారు. వండుకుంటారు, తింటారు, తాగుతారు, పోతారు.

పోయాక మనకేటి మిగులుతోంది?

సోమవారం పొద్దున్న గట్టు మీదికి వెళ్లి చూడండి! థర్మాకోల్ ప్లేట్లు. ప్లాస్టిక్ గ్లాసులు. బిర్యానీ కవర్లు. పగిలిన బీరు సీసాలు. గాలికి ఎగిరినవి జలాశయంలో తేలతాయి. వానకు కొట్టుకొచ్చినవి గెడ్డలో పడతాయి, గెడ్డలోంచి కాలువలోకి, కాలువలోంచి మన మడిలోకి! నాట్లు వేస్తున్న ఆడకూతురి కాల్లో గాజుపెంకు దిగితే ఎవరు జవాబు చెప్తారు? ఆ రోజు కూలి పోయింది. సూదిమందుకు, కట్టుకు చేతిలో డబ్బు పోయింది. కాలు మానేదాకా మడిలో దిగలేదు. నాట్ల కాలం ఆగదు కదా, ఆ కూలి ఇంకెప్పుడు వస్తుంది? సీసా అమ్మినవాడు లాభం లెక్కేసుకున్నాడు. టూరు కట్టించి జనాన్ని తెచ్చినవాడు లాభం లెక్కేసుకున్నాడు. నెత్తురు కారిన కాలు మాత్రం మనది!

ఆవు సంగతి చెప్పనక్కర్లేదు. ఎంగిలి కూడు వాసనకు కవరుతో సహా మింగుతుంది. కడుపుబ్బి పడిపోతుంది. పాలు అమ్మి పిల్లల ఫీజు కట్టే ఇల్లు అది. ఆ ఇంటికి పరిహారం ఇచ్చిన టూరిస్టు కంపెనీ ఒక్కటైనా ఉందా? తాండవలో వల వేసే అన్నలను అడగండి, వలలో చేపతోపాటు ఏమేం వస్తున్నాయో వాళ్లే చెప్తారు. పండగ సెలవుల్లో ఘాట్ రోడ్డు జామ్ అయితే, కొండ మీద పురుటినొప్పులు పడుతున్న తల్లి 108 బండిలో ఎన్ని మలుపుల దగ్గర ఆగాలి? మంచు చూడ్డానికి వచ్చినవాళ్లకు అది ఆలస్యం. ఆ తల్లికి అది ప్రాణం!

ఒక్క మాట ముందే తేల్చి చెప్తున్నాం. వచ్చేవాళ్లు మనకు శత్రువులు కారు. ఏడాదంతా చాకిరీ చేసి, రెండు రోజులు పిల్లలకు కొండ చూపిద్దామని వస్తున్న మనలాంటి కుటుంబాలే చాలామంది. వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. వాళ్ల బండి ఆపొద్దు. మన గొడవ ఆ రాకపోకల మీద గదుల అద్దె, టెంటు అద్దె, భోజనం బిల్లు గుంజుకుంటూ చెత్తను, రద్దీని, రోగాలను ఊళ్ల మీదికి తోసేస్తున్న యాజమాన్యాలతో!

వాళ్లు ఏమంటారు? "మేము సామాజిక బాధ్యత కింద సేవ చేస్తున్నాం" అంటారు. ఇంగ్లీషులో సీఎస్ఆర్ అని బోర్డు పెడతారు. బడికి నాలుగు బల్లలిచ్చి, రిబ్బన్ కత్తిరించి, పేపర్లో ఫొటో వేయించుకుంటారు. బల్లలు తీసుకుందాం, పిల్లలకు పనికొస్తాయి. కానీ బాధ్యత అక్కడితో తీరిపోయిందంటే ఒప్పుకుందామా?

ఆ సీఎస్ఆర్ చట్టం ఏమంటుందో మనకు తెలియాలి. 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షన్. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీ నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, ఏడాది నికర లాభం 5 కోట్లు గానీ దాటితే, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఎక్కడ ఖర్చు పెట్టాలి? తాను వ్యాపారం చేసుకునే ప్రాంతానికి, ఆ చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది! ఏ పనులు చేపట్టిందో కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టాలి. అంటే విశాఖలో పెద్ద హోటళ్లు నడుపుతూ, మన కొండల బొమ్మలతో ప్యాకేజీలు అమ్ముకునే కంపెనీలను మనం నిలబెట్టి అడగొచ్చు. మీ 2 శాతంలో మా ప్రాంతానికి ఎంత వచ్చింది? ఏ ఊళ్లో? ఏ పనికి? చూపించండి!

కానీ ఇందులో మనల్ని ముంచే లొసుగు ఒకటుంది. పాతిక టెంట్లు వేసినవాడికి, పది గదుల రిసార్టు కట్టినవాడికి ఈ చట్టం తగలదు. వాళ్ల లాభం 5 కోట్లు దాటదు. మన గెడ్డల్లోకి మురుగు వదిలేది, మన ఊరి చివర చెత్త పారబోసేది ఎక్కువగా ఇలాంటివాళ్లే. పెద్దవాడు పట్నంలో ఖర్చు చూపించి తప్పుకుంటాడు. చిన్నవాడు "నాకు చట్టం వర్తించదు" అని తప్పుకుంటాడు. మధ్యలో నలిగేది మనం!

అందుకే మనం అడగాల్సింది ఆ రెండు రూపాయల గురించి మాత్రమే కాదు. వంద రూపాయల లాభంలో రెండు రూపాయలు ఇస్తావు, సరే. ఆ వందా ఎలా సంపాదించావు? గది తుడిచిన పిల్లకు ఎంత ఇచ్చావు? నీ బాత్రూముల నీళ్లు ఎటు వదిలావు? నీ వంటగది ఎంగిలి ఎక్కడ పారేశావు? కూరగాయ ఎవరి దగ్గర కొన్నావు? అసలు బాధ్యత అక్కడుంది! కూలీకి జీతం ఇవ్వడం, నీ చెత్త నువ్వు ఎత్తుకోవడం సేవ కాదు. సీఎస్ఆర్ నిబంధనలు కూడా సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే ఖర్చును, మామూలు వ్యాపార ఖర్చును లెక్కలోకి రానివ్వవు. ఆ జీతం, ఆ శుభ్రత కట్టాల్సిన బాకీ!

ఈ లంబసింగి రోడ్డు చరిత్ర మన పెద్దలకు తెలుసు. వందేళ్ల కిందట నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా కొండదారి వేయించినప్పుడు డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కొండవాళ్లతో గొడ్డుచాకిరీ చేయించాడు. కాంట్రాక్టరుతో కుమ్మక్కై ఆరణాల కూలికి అణా చేతిలో పెట్టాడని చెప్పుకుంటారు. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనక జనాన్ని నిలబెట్టింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఈ రోజు ఏసీ కార్లు ఎక్కుతున్న ఘాట్ ఆ చాకిరీ మీద పడిన దారి! టూరిస్టులు కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి దగ్గర దండం పెట్టుకుని పోతారు, మంచిదే. ఆ దారిలోనే కట్టిన హోటల్లో కూలీకి ఈనాడు న్యాయమైన కూలి అందుతోందా?

మన పిల్లలనే అడుగుదాం. పదో తరగతి తప్పినవాడు, ఇంటరు అయినవాడు, డిగ్రీ అయి కూర్చున్నవాడు విశాఖకో హైదరాబాదుకో హోటలు పనికి పోతున్నారు. సీజన్లో కొండ మీద టెంట్ల దగ్గర చేరుతున్నారు. పొద్దున్న కాఫీ దగ్గర మొదలైతే అర్ధరాత్రి గిన్నెలు తోమేదాకా నిలబడే ఉంటారు. సబ్బు నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. చలిలో టూరిస్టుకు రెండు దుప్పట్లు. మన కుర్రాడికి వంటశాల గచ్చు! సీజన్ అయిపోగానే "మళ్లీ ఫోన్ చేస్తాం" అంటారు. చేతిలో కాగితం ముక్క ఉండదు. దెబ్బ తగిలితే ఎవరిని అడగాలో తెలీదు. ఆడపిల్ల రాత్రి డ్యూటీ చేసి ఏ బండి ఎక్కి ఇంటికి రావాలి? ఇంట్లో తల్లి ఆ గంటలో ఎలా కూర్చుంటుందో ఆ మేనేజరుకు తెలుసా?

పది మంది పనిచేసే చోట ఈఎస్ఐ వర్తించాలి. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి. పది మందికి తక్కువ కాని ప్రతి చోటా ఆడవాళ్ల మీద వేధింపుల ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్పింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను హోటళ్లలో, దాబాల్లో, రిసార్టుల్లో పెట్టుకోకూడదని 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం ఉంది. ఏ హోటల్లో ఇవన్నీ అమలవుతున్నాయి? మన ఊరి పిల్లలు పనిచేసే చోట ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుందాం.

2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త టూరిజం పాలసీ తెచ్చింది, 2024–29కి. టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పరిశ్రమ హోదా అంటే రాయితీలు. రాయితీల డబ్బు ఎవరిది? అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే మనదే! పరిశ్రమగా రాయితీ పుచ్చుకున్నవాడు పరిశ్రమగా కార్మిక చట్టం కూడా ఒప్పుకోవాలి. మురుగు శుద్ధి చేసుకోవాలి. రాయితీ అందుకునేటప్పుడు పరిశ్రమ, జీతం ఇచ్చేటప్పుడు చిన్న కొట్టు అంటే కుదరదు!

ఇప్పుడు నీళ్ల సంగతి. తాండవ అంటే మనకు విహారస్థలం కాదు. పూర్తి నీటిమట్టం 380 అడుగులు. అనకాపల్లి, కాకినాడ జిల్లాల్లో 51 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. నీటిమట్టం అడుగు తగ్గిందంటే చివరి భూముల రైతుకు ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆ గట్టు మీద రేపు కాటేజీలు, బోటింగు, రిసార్టు వస్తాయంటే మనం వద్దనం. కానీ ఏ నీళ్లు వాడతారు? వాడిన నీళ్లు ఎటు పోతాయి? ముందు ఆ కాగితం చూపించాలి! ఆయకట్టు రైతులకు, చేపలు పట్టుకునే కుటుంబాలకు చెప్పకుండా, వాళ్ల ముందు చర్చ పెట్టకుండా ఒక్క గునపం కూడా దిగకూడదు!

మన మండలానికి ఇంకో ప్రమాదం ఉంది. గట్టిగా వినండి! లంబసింగి ఉన్న చింతపల్లి మండలం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుడు భూమి కొనలేడు. అలాంటి చోట కూడా బోర్డు మీద గిరిజనుడి పేరు, వెనకాల పెట్టుబడి ఇంకెవరిదో అన్న అనుమానాలు ఊరూరా ఉన్నాయి. మరి మన సరుగుడు వైపు కొండ ఊళ్లు? అక్కడున్నదీ గిరిజనులే. కానీ ఆ ఊళ్లు షెడ్యూల్లో లేవు! 1/70 కాపలా లేదు. కొండ అంచున చల్లగాలి, పక్కనే జలాశయం. ఈ భూమి మీద కన్ను పడడానికి ఎంతసేపు? బ్రోకరు వస్తాడు, జీడి తోటకు అడ్వాన్సు అంటాడు, వేలిముద్ర వేయించుకుంటాడు. తమ్ముళ్లూ, కొండ మీద మనవాళ్లకు ఈ మాట ఇప్పుడే చేరవేయండి! తోట కాగితం మీద సంతకం పెట్టే ముందు పది మందికి చూపించమనండి! తోట పోతే జీడిపిక్కల సీజన్లో చేతికొచ్చే నాలుగు డబ్బులు పోతాయి. ఆ కుటుంబం అదే తోటలో కట్టిన రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడాలి.

సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో తీర్పు ఇచ్చింది. అది ఎక్కడి కేసు? మన పక్క కొండలదే! అనంతగిరి మండలం బొర్రా దగ్గర గిరిజన భూముల్లో గనులకు ఇచ్చిన లీజుల కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇవ్వకూడదని కోర్టు తేల్చింది. ఇంకో మాట కూడా అంది. అక్కడ వ్యాపారం చేస్తే నికర లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి నీళ్లు, బడి, ఆసుపత్రి, పారిశుద్ధ్యం, రోడ్ల కోసం ఖర్చు చేయాలంది. అడవి తిరిగి పెంచే ఖర్చు అందులో కలపకూడదంది. ఇరవై శాతం! కంపెనీల చట్టంలో 2 శాతం రావడానికి పదహారేళ్ల ముందు మాట ఇది. అది గనుల కేసు, నిజమే. కానీ కొండను తవ్వి అమ్మినా, కొండ అందాన్ని గదుల అద్దెగా అమ్మినా, సంపద కొండదే కదా? మరి కొండ మీద బతికేవాళ్ల వాటా ఏది?

"టూరిజం వస్తే ఉద్యోగాలొస్తాయి, అడ్డుపడొద్దు" అంటారు కొందరు పెద్దమనుషులు. అడ్డుపడటం లేదు! ఆ ఉద్యోగాలు మన గడప దాకా రావాలంటున్నాం. కేరళలో కుమరకం అనే ఊళ్లో 2008 నుంచి హోటళ్లు పంచాయతీతో కూర్చుని మాట్లాడుకున్నాయి. స్థానిక మహిళా సంఘాల దగ్గర, రైతుల దగ్గర కూరగాయలు, గుడ్లు, చేపలు కొన్నాయి. హోటలుకు ఏం కావాలో ముందే చెప్పారు, ఊరు అది పండించింది. దూరం ఎందుకు, మన మారేడుమిల్లిలోనే వన సంరక్షణ సమితులు అడవి విడిది నడిపి చూపించాయి. వంట ఊరివాళ్లది, దారి చూపేది ఊరివాళ్లు, రాబడిలో వాటా ఊరికి. మన డ్వాక్రా అప్పచెల్లెళ్లు ఇంతకన్నా తక్కువవాళ్లా?

మన దగ్గర ఏం లేదు చెప్పండి? తాండవ చేప ఉంది. ఆయకట్టు బియ్యం ఉంది. జీడిపప్పు ఉంది. కొండ మీద కాఫీ, పసుపు, తేనె ఉన్నాయి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఇవి కొని అమ్ముతూనే ఉంది. అడ్డాకులున్నాయి! కొండ ఆడవాళ్లు అడవిలో ఏరి, ఎండబెట్టి, ఈనెపుల్లతో కుట్టిన విస్తర్లు. పెళ్లయినా దినమైనా వాటిలోనే తిన్నాం. థర్మాకోల్ ప్లేటు వచ్చి ఆ కుట్టే చేతులకు పని లేకుండా చేసింది. 2022 జూలై 1 నుంచి ఆ థర్మాకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతా నిషేధం. అయినా గుట్టలుగా అమ్ముతున్నారు! ప్రతి రిసార్టు, ప్రతి టెంటు, ప్రతి దాబా అడ్డాకు విస్తర్లో అన్నం పెట్టాలని మనం పట్టుబడితే? గెడ్డ బాగుపడుతుంది, ఆవు బతుకుతుంది, కుట్టే చేతికి కూలి వస్తుంది. దీనికి వందల కోట్ల కంపెనీ అక్కర్లేదు. పది గదులవాడు కూడా చేయగలడు. మన ఊరి దుకాణాల అన్నలకూ ఒక విన్నపం. ఆ ప్లాస్టిక్ కట్టలు మీరు దించుకోవడం ఆపండి. మీ కొట్టు ముందే విస్తర్ల కట్ట పెట్టండి, మేమే కొంటాం!

శుభ్రత మాటకొస్తే, తనిఖీ ఉంటే జరుగుతుంది. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ జెండా వచ్చింది. 2025లో నిర్వహణ బాగాలేదని ఆ జెండా దించేశారు. ఉరుకులు పరుగుల మీద బాగుచేస్తే మళ్లీ ఎగిరింది. తాండవ గట్టుకు, ఘాట్ రోడ్డు మలుపులకు అడిగే నాథుడెవరు? మనమే!

ఏం చేద్దామంటారా? ఈ వారమే మొదలుపెడదాం. మన ఊళ్ల చుట్టూ, గట్టు మీద, ఘాట్ దారిలో వ్యాపారం చేస్తున్న ప్రతి టెంటు, రిసార్టు, దాబా పేరు రాసుకోండి. చెత్త ఎక్కడ వేస్తున్నారో తేదీతో ఫొటో తీయండి. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. గ్రామ స్థాయిలో అయితే రుసుము లేదు. మండల ఆఫీసులో 5 రూపాయలు. ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏ అనుమతితో కట్టారు, పంచాయతీకి ఎంత పన్ను కట్టారు, మురుగుకు ఏం ఏర్పాటు చేశారు అని అడగండి. లైసెన్సు లేని చోట వంద మందికి మించి జనాన్ని పోగేసి కార్యక్రమం పెట్టేవాళ్లు మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని 2016 నాటి చెత్త నిబంధనల్లోనే రాశారు. న్యూ ఇయర్ క్యాంపులు పెట్టినవాళ్లు ఎప్పుడైనా మన పంచాయతీ గడప తొక్కారా? అదీ అడగండి! హోటళ్లలో పనిచేసే పిల్లల తల్లిదండ్రులు జీతం ఎంత, గంటలు ఎన్ని, ఈఎస్ఐ కార్డు ఉందా లేదా రాసి తీసుకురండి. పిల్లల పేర్లు బయటపెట్టొద్దు, వాళ్ల ఉద్యోగాలకు ముప్పు రాకూడదు.

ఇవన్నీ పట్టుకుని వచ్చే గ్రామసభకు రండి! రైతులు రండి, కూలీలు రండి, వలవాళ్లు రండి, డ్వాక్రా అప్పలు సంఘాల పుస్తకాలతో సహా రండి! కొండ ఊళ్లవాళ్లను ఆటోల్లో ఎక్కించుకుని తీసుకురండి. మన తీర్మానం ఇది. మన ప్రాంతంలో టూరిజం వ్యాపారం చేసే ప్రతివాడూ తన చెత్త తానే ఎత్తుకోవాలి. మురుగు చుక్క గెడ్డలో పడకూడదు. పనివాళ్లలో మన మండలం వాళ్లకు మొదటి చోటు, చట్టం చెప్పిన కూలి, చేతికి నియామక కాగితం. విస్తరి, చేప, బియ్యం, కూరగాయ మన దగ్గరే కొనాలి. ఏడాదికోసారి గ్రామసభలో నిలబడి లెక్క చెప్పాలి.

తీర్మానం చదివి వినిపించేదాకా ఎవరూ కదలొద్దు. మినిట్స్ పుస్తకంలో ఎక్కించాక అందరం సంతకాలు పెడదాం, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయండి. నకలు అక్కడే అడిగి తీసుకుందాం. ఒక కాపీ ఎంపీడీవోకి, ఒకటి నర్సీపట్నం ఆర్డీవోకి, ఒకటి జిల్లా కలెక్టరుకు, ఒకటి టూరిజం శాఖకు. రసీదులు పంచాయతీ ఆఫీసు గోడకు అంటిద్దాం.

— నాతవరం మండల రైతులు, కూలీలు, హోటలు పనివాళ్లు